తీసిన మీగడ ఎక్కడికి పోయింది

పొద్దున్న నాలుగున్నరకి లేస్తాను. ఐదింటికల్లా మా ఊరి పాల కేంద్రం తలుపు తీయాలి. పాలు పోయడానికి వచ్చినవాళ్ళ క్యానులోంచి చిన్న సీసాడు శాంపిలు తీసి మిషను గొట్టం కింద పెడితే, అది కాసేపు గుర్రుమని వెన్న శాతం చూపిస్తుంది. దాన్ని నేను పైకి చదవాలి. నా ఉద్యోగం అంతే. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, వరసలో ఎంతమంది ఉంటే అంతమందికీ నేను చెప్పేది ఒకే మాట. ఫ్యాట్ ఆరున్నర. ఫ్యాట్ ఏడు. కొన్ని రోజులు ఇంటికి వెళ్ళి డైరీ రాసుకునేదాకా ఇంకో మాట నా నోట్లోంచి రాదు.

ఆ ఒక్క మాట కూడా గట్టిగా రాదు నాకు. వరసలో ఆడవాళ్ళకి అదొక ఆట.

"గట్టిగా సెప్పు గుంటా! నీ నోట్లో ఏటుంది?"

"ఆరు," అంటాను.

"ఆరేటి? నిన్న ఏడొచ్చింది కదా. రేత్రికి రేత్రి నా గేదె సిక్కిపోనాదేటి?"

"గేదెని పితకమంటే కుళాయిని పితికీసుంటావు నువ్వు," అని వెనకనుంచి ఇంకొకామె అంటుంది. అందరూ నవ్వుతారు. నేను మిషను వైపు చూస్తూ ఉండిపోతాను.

అలా రోజుకి రెండుసార్లు ఫ్యాట్ ఫ్యాట్ అని చదివినదాన్ని, నాన్న గుండెకి స్టెంటు వేసేదాకా ఆ మాట లోపల ఏముందో ఆలోచించలేదు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను కూడా.

నిరుడు చెరకు నరికే రోజుల్లో, మోపు కడుతూ కడుతూ నాన్న గట్టు మీద కూర్చుండిపోయాడు. గ్యాసు అనుకుని సోడా తాగాడు. పక్క చేను మామయ్య ఆటో ఎక్కించి అనకాపల్లి తీసుకెళ్తే, వాళ్ళు చూసి వెంటనే విశాఖ పంపేశారు. అక్కడ రక్తనాళంలో ఒక చోట స్టెంటు వేశారు. ఇంకో చోట సగం పూడుకుపోయి ఉందన్నారు. ఆ సగం సంగతి చూసుకోవలసింది మందులూ తిండీ అని చెప్పి, మళ్ళీ అనకాపల్లి డాక్టరు గారికి అప్పజెప్పారు.

మా ఊరు రోలుగుంట వైపు. అనకాపల్లి వెళ్ళాలంటే చోడవరం మీదుగా బస్సులో పూట పడుతుంది. మొదటిసారి చూపించుకోవడానికి ముగ్గురం వెళ్ళాం. పాల ఉద్యోగం కాబట్టి నాకు కొవ్వు సంగతులు తెలుస్తాయని నన్ను ముందుగా లోపలికి తోసింది అమ్మ.

"ఇంట్లో పాడి ఉందా?" అని అడిగారు డాక్టరు గారు.

"రెండు గేదెలండి," అంది అమ్మ, ఆ గదిలో చెప్పుకోదగ్గ మాట అదొక్కటే అన్నట్టు.

"అందుకే మరి. ఈయన తాగే పాలు కాచి, చల్లార్చి, మీగడ మొత్తం తీసెయ్యండి. వేపుళ్ళు మానండి. మూడు నెలల తర్వాత రక్తపరీక్ష చేయిస్తాను. చెడ్డ కొలెస్ట్రాల్ దిగిందా, మందులతో లాక్కొద్దాం. దిగలేదా, మళ్ళీ విశాఖ పంపాల్సిందే."

తిరుగు బస్సులో నాన్న కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "ఆ బల్ల మీద మళ్ళీ పడుకోలేనమ్మా. సేతిలోంచి తీగ ఎక్కించేరు కదా, నాకు మెలకువగానే ఉంది. అది గుండెకాడికి పోతన్నాదని తలుసుకుంటే ఇప్పటికీ సెమట పడతాది."

నాన్న భయపడ్డం నేను అంతకు ముందు చూడలేదు. ఇంటికి రాగానే మీగడ బాధ్యత నేను తీసుకున్నాను.

ఉదయం డ్యూటీ అయి వచ్చాక, కాచి చల్లార్చిన పాలు ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. మధ్యాహ్నానికి పైన మందంగా అట్టలా కట్టేది. దాన్ని చిల్లుల గరిటెతో తీసి స్టీలు డబ్బాలో వేసి, పాలు మళ్ళీ కాచి, చల్లారాక రెండోసారి తీసేదాన్ని. ఒకరోజు ఆ పాలు చిన్న సీసాలో పట్టుకెళ్ళి, సాయంత్రం జనం రాకముందు మిషను కింద పెట్టాను. కాచిన పాలకి మిషను సరిగ్గా చెప్పదని నాకు తెలుసు. అయినా ఆ తక్కువ అంకె చూసి, ఎన్నాళ్ళకో ఒక పని పూర్తిగా చేశాననిపించింది.

నాన్నకి మాత్రం నచ్చలేదు. "ఇది టీ కాదు, టీ గిన్ని కడిగిన నీల్లు," అనేవాడు. మొదటి పది రోజులూ కంచం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తిని లేచిపోయేవాడు. పప్పులో నెయ్యి లేదు, పెరుగు మీద మీగడ తరక లేదు. అమ్మ తలుపు దగ్గర నిలబడి ఆ కంచం వంకే చూసేది.

తర్వాత కొంచెం తినడం మొదలుపెట్టాడు. కుడిచెయ్యి లాగుతోందని అన్నాడో, అమ్మే అనుకుందో గాని, అన్నం వంటింట్లోనే కలిపి ముద్దలు చేసి కంచంలో పెట్టి తెచ్చేది అమ్మ. పెళ్ళైన ఇన్నేళ్ళకి వీళ్ళిద్దరి మధ్య ఇలాంటిది చూస్తున్నానని డైరీలో రాసుకున్నాను కూడా. ఆ పేజీ ఇప్పుడు చదివితే నా మీద నాకే జాలేస్తుంది.

ఆ రోజుల్లోనే నేను చదవడం మొదలుపెట్టాను. నేను పుస్తకాలు చదువుతానని ఊళ్ళో ఎవరికీ తెలియదు. మంచం కింద రేకు పెట్టెలో ఉంటాయి. కాలేజీ నాటి బయోకెమిస్ట్రీ పుస్తకం తీశాను, ఫోన్లో దొరికిన వ్యాసాలు కూడా చదివి, అర్థమైనంత తెలుగులో డైరీలో రాసుకునేదాన్ని. మా మిషను ఒక్క అంకెలో చెప్పేసే ఆ కొవ్వులో వందల రకాల ఆమ్లాలు ఉన్నాయట. ఒక్కొక్కటీ కర్బనం గొలుసు. కొన్ని పొట్టివి, కొన్ని పొడవు. పామిటిక్ ఆమ్లం చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది, పాలకొవ్వులో పెద్ద వాటా దానిదే. స్టియరిక్ దాని పక్కనే ఉంటుంది గాని అంత పెంచదు. వేరుశనగ నూనెలో ఉండే ఒలీయిక్ ఇందులోనూ ఉంది. బ్యుటిరిక్ అనేది అతి పొట్టిది, పాతబడిన వెన్న వాసన దానిదే. అది పేగులకి మంచిదేమోనని చూస్తున్నారు. మేకపాలలో పొట్టి గొలుసులు ఎక్కువ. పచ్చగడ్డి తినే పశువుల పాలలో మంచివనుకునే రకాలు కొన్ని కాస్త ఎక్కువ.

చదివేకొద్దీ ఓపిక పోయేది. ప్రతి వ్యాసం చివరా అదే మాట, ఇంకా పరిశోధన జరగాలని. నాకు మూడు నెలలే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం అమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను గోడకి చేరబడి డైరీలో రాస్తున్నాను.

"ఏటే, అన్నన్ని రాత్తన్నావు. పాల కొవ్వు మంచిదా సెడ్డదా, ఒక్క మాట సెప్పు."

"ఒక్క మాటలో రాదమ్మా."

"అయితే రెండు మాటల్లో సెప్పు."

నేను డైరీలోంచి ఒక వాక్యం పైకి చదివాను. పాలకొవ్వంతా ఒకటి కాదని, పచ్చగడ్డి మేసే పశువుల పాలకొవ్వులో ఒంటికి మేలు చేసేవి కూడా కొన్ని ఉండొచ్చని.

"మన గేదెలు గట్టు మీద గడ్డి, సెరుకు మొవ్వ తప్ప తినవు," అంది అమ్మ.

"ఊఁ," అన్నాను. దాని కిందే ఇంకో వాక్యం ఉంది. కానీ నా కళ్ళు మూసుకుపోతున్నాయి. తెల్లవారుజామున లేచిన దాన్ని, ఇంకో గంటలో సాయంత్రం డ్యూటీ. "మిగతాది తర్వాత చెప్తానమ్మా," అని డైరీ మూసి అక్కడే ఒరిగిపోయాను. అలారం మోగాక లేచి కేంద్రానికి పరుగెత్తాను. ఆ తర్వాత అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు.

మూడు నెలలూ అలా గడిచాయి. మధ్యలో ఒకరోజు పాల వరసలో మా పక్కింటామె నన్ను చూసి ముక్కు ఎగబీల్చింది.

"ఏటి గుంటా, మీ ఇంట్లోంచి మునగాకు ఏసి కాసిన నేతి వాసన మా వసారాదాకా వత్తంది. మీ నాన్నకి పథ్యమా, మాకా?"

ఆమె ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి. నేను సీసా కడుక్కుంటూ ఉండిపోయాను. ఆ వాసన మా ఇంట్లో నేను పుట్టినప్పటినుంచీ ఉంది. ఉన్నట్టు నా ముక్కుకి తెలియనే తెలియదు.

ఇంకోరోజు పక్క చేను మామయ్య వచ్చి నాన్న ఎదురుగా కూర్చుని, "ఏటి బావా, పథ్యం తిండి తిని నున్నగా తయారయ్యేవు. నాకూ ఎట్టమను మా సెల్లిని," అన్నాడు. నాన్న నవ్వలేదు, కాదనలేదు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

పరీక్ష కాగితం చేతికొచ్చిన రోజు డాక్టరు గారు అది రెండుసార్లు చూశారు. చెడ్డ కొలెస్ట్రాల్ దిగలేదు. ముందుకంటే కొంచెం పైకే వెళ్ళింది.

"మందులు వేస్తున్నారా?"

"ఒక్క పూట తప్పలేదండి," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"మీగడ తీస్తున్నారా?"

"నేనే తీస్తున్నానండి. రెండేసి సార్లు."

"మరి ఇది ఎక్కడినుంచి వస్తోంది?" అని ఆయన మా ముగ్గురినీ చూశారు. నాన్న తన చేతులు చూసుకున్నాడు. అమ్మ కొంగు సర్దుకుంది. ఆయన మాత్ర మార్చి, మోతాదు పెంచి, "రెండు నెలలు. ఇదే ఆఖరు. ఈసారి ఇలాగే వస్తే విశాఖ రాసేస్తాను," అన్నారు.

ఇంటికొచ్చి, అలవాటుగా ఫ్రిజ్ తెరిచి, ఆ రోజు పాలమీద మీగడ తీశాను. స్టీలు డబ్బా మూత తీసి అందులో వేయబోతూ ఆగాను. డబ్బాలో అడుగున రెండు రోజుల మీగడే ఉంది.

మూడు నెలలుగా రోజుకి రెండుసార్లు దాన్ని నేను నింపుతున్నాను. అది ఎప్పుడూ నిండలేదు. ఊళ్ళోవాళ్ళ పాలలో వెన్న ఎంత వచ్చిందో పూటపూటకీ చదివే నేను, నా చేత్తో తీసిన వెన్న ఎక్కడికి పోతోందో ఒక్కసారి అడగలేదు.

"అమ్మా, ఈ మీగడ ఏం చేస్తున్నావు?"

అమ్మ పొయ్యి దగ్గరనుంచి తిరగలేదు. "ఏటి సేత్తాను? తోడెట్టి సిలికి ఎన్న తీత్తాను."

"ఆ వెన్న?"

"నెయ్యి కాత్తాను."

"ఆ నెయ్యి?"

అమ్మ గిన్నె మీద మూత పెట్టింది. "పాలమీద మీగడ తియ్యమన్నాడు డాట్రు బాబు, తీసేం. నెయ్యి సంగతి ఏటన్నాడు? ఏటీ అన్లేదు. మీగడ తీసి కాలవలో పొయ్యమంటావేటి? ఆ పని నా సేతుల్తో నాను సెయ్యలేను." అమ్మ ఇటు తిరిగింది. "పది దినాలు కంచం ముందర కూకొని లెగిసిపోయేడు. నాకు బయమేసింది. కూడు తినకండా మందులు మింగితే బతుకుతాడేటి మనిసి? సెంచాడు నెయ్యి ఏసి ముద్ద సేసెట్టేను. తిన్నాడు. మర్నాడు ఇంకో సెంచా ఏసేను."

"అమ్మా, అది నెయ్యి కదమ్మా!"

"నువ్వే కదేటే సదివేవు! గడ్డి తిన్న పశువు కొవ్వు మంచిదని ఆ పుస్తకంలోంచి సదవలేదా?"

వసారాలోంచి నాన్న గొంతు వచ్చింది. "మీ అమ్మనేటీ అనకు. నాకు మొదటి ముద్దలోనే తెలిసింది."

అమ్మ గుమ్మంలోకి వెళ్ళింది. "తెలిసిందా? మరి నాకు సెప్పలేదేటి?"

"సెప్తే మానేత్తావు కదేటి."

ఇంకోరోజైతే ముగ్గురం నవ్వేవాళ్ళం. నాకు కోపం కూడా రాలేదు. రేకు పెట్టెలోంచి డైరీ తెచ్చి ఆ పేజీ తీశాను. ఆ రోజు నేను చదివిన వాక్యం ఉంది. దాని కిందది ఇప్పుడు చదివాను. అదే కొవ్వు పాలలోనో పెరుగులోనో ఉన్నప్పటికంటే, విడదీసి వెన్నగా తిన్నప్పుడు చెడ్డ కొలెస్ట్రాల్ ఎక్కువ పెరుగుతున్నట్టు కనబడుతోందని. గుండెజబ్బు ఉన్నవాళ్ళు వెన్నా నెయ్యీ తగ్గించుకోవాలనే చెబుతున్నారని. నా అక్షరాలే, అదే సిరా.

అంటే నేను కష్టపడి విడదీశాను. అమ్మ కష్టపడి తినిపించింది.

"ఆయేల ఇది సదవలేదేటి?" అంది అమ్మ.

"నిద్రొచ్చేసిందమ్మా."

తిడుతుందనుకున్నాను. "అవునులే. సీకటుండగా లేగుత్తావు," అని లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

అలమరలో సీసాడు నెయ్యి మిగిలి ఉంది. మర్నాడు అమ్మ దాన్ని పక్కింటామె చేతిలో పెట్టింది. "వాసన పట్టీవు కదా, తిను. మీ ఆయన గుండె రాయే కదా," అంది. ఆమె నవ్వుతూ తీసుకుంది గాని, అమ్మ మొహం చూసి గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

డబ్బాలో మీగడ పడితే అమ్మ చెయ్యి ఊరుకోదు. అది అమ్మకీ తెలుసు. అందుకని ఇంట్లోకి పాలు ఉంచుకోవడమే మానేసింది. రెండు గేదెల పాలూ క్యానులో పోసుకుని తెల్లవారకముందే కేంద్రానికి వచ్చి, నా ముందు వరసలో నిలబడింది. ఇంటికి మాత్రం వెన్న తీసిన ప్యాకెట్ పాలు వస్తాయి. ఇంట్లో రెండు గేదెలుండగా ప్యాకెట్ పాలు తెచ్చుకునే ఇల్లు మా వీధిలో మాదొక్కటే. నాన్న ఆ ఖాళీ ప్యాకెట్లు ఎవరికీ కనబడకుండా పేడదిబ్బలో కప్పెట్టేవాడు.

"ఏటొదినా, ఇంట్లోకి సుక్క ఉంచుకోలేదేటి?" అని వరసలో ఎవరో అన్నారు.

అమ్మ వెనక్కి తిరగలేదు. శాంపిలు సీసా నా వైపు తోసింది. మిషను గుర్రుమంది.

"ఫ్యాట్ ఏడు పాయింట్ రెండు," అన్నాను.

"గట్టిగా సెప్పు," అంది అమ్మ.

చెప్పాను. అమ్మ ఆ అంకె వంక, తర్వాత పెద్ద క్యానులోకి పోతున్న పాల ధార వంక చూసి, ఖాళీ క్యాను పట్టుకుని వెళ్ళిపోయింది. రోజూ అంతే. నాన్న మళ్ళీ తక్కువ తినడం మొదలుపెట్టాడు. చోడి అంబలి, అదే రాగి అంబలి, చారన్నం, పల్చని మజ్జిగ. మెడ దగ్గర చొక్కా వదులైంది. ముద్దలు కలపడం మాత్రం అమ్మ మానలేదు. కంచం ఇప్పుడు వసారాలోకే తెచ్చుకుని, నాన్న చూస్తుండగా కలుపుతుంది.

రెండు నెలలకి మళ్ళీ అనకాపల్లి వెళ్ళాం. గది బయట బల్ల మీద నాన్న కుడిచేతి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు, తీగ ఎక్కించిన చోట. కాగితం చూసి డాక్టరు గారు తలూపారు. దిగింది. అనుకున్నంత కాదు గాని దిగింది. ఇప్పటికి విశాఖ అక్కర్లేదు, ఇలాగే ఉండండి అన్నారు. నాన్న మణికట్టు వదిలాడు.

లేవబోతూ అమ్మ ఆగింది. "బాబూ, మునుపు పెరిగింది నా నేతి వల్లేనా?"

ఆయన అప్పుడు మొదటిసారి నెయ్యి మాట విన్నారు. కోప్పడలేదు. "మాత్ర కూడా మార్చాం కదమ్మా. దేనివల్ల ఎంత పెరిగింది, దేనివల్ల ఎంత తగ్గింది అని విడదీసి చెప్పలేను. నెయ్యి మాత్రం వద్దు," అన్నారు.

బస్సులో నాన్న కూర్చోగానే నిద్రపోయాడు. నాకూ కళ్ళు మండుతున్నాయి. చోడవరం దాటాక అమ్మ మోచేత్తో నన్ను కదిపింది.

"నువ్వు సెప్పు. నా నెయ్యేనా?"

బ్యాగులోంచి డైరీ తీయబోయి మానేశాను. నాకు తెలిసినదంతా నోటితోనే చెప్పాను. పామిటిక్ గురించి, గడ్డి గురించి, విడదీసిన కొవ్వు గురించి. అయ్యుండొచ్చని, చాలావరకు అదే అయ్యుండొచ్చని, అయినా ఎవరూ కచ్చితంగా చెప్పలేరని. అది ఆ మధ్యాహ్నం నేను పూర్తిగా చదివుంటే ఇదంతా ఉండేది కాదేమోనని కూడా చెప్పాను. బస్సు చప్పుడుకి ఒక్కో మాట రెండుసార్లు, గట్టిగా చెప్పాల్సొచ్చింది. అమ్మ అంతా విన్నది.

"అంతేనా? ఇంకేటైనా ఉన్నాదా కింద?"

"అంతేనమ్మా. ఇంకేం లేదు."

అమ్మ తలూపి, జారిపోతున్న నాన్న తలని తన భుజం మీదకి లాక్కుంది. ఊళ్ళో దిగేసరికి సాయంత్రం డ్యూటీ వేళ దాటిపోతోంది. ఇంటికి వెళ్ళకుండా తిన్నగా కేంద్రానికి పోయి తలుపు తీశాను. అప్పటికే బయట వరస కట్టి ఉన్నారు.